నీ డ్రమ్మర్‌కు చేతులెన్ని?

మూడేళ్ల కిందట ఒక జానపద పాటకి రిథమ్ ప్రోగ్రామింగ్ చేశాను, అంటే కంప్యూటర్‌లోనే డ్రమ్స్ వాయింపు కట్టాను. ఆఫీసు పని అయ్యాక రాత్రి రెండింటిదాకా కూర్చుని చేసింది, బ్రహ్మాండంగా వచ్చిందనే అనుకున్నాను. ఆ ఊపులోనే ఆర్కెస్ట్రాల్లో ఇరవై ఏళ్లు ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్ వాయించిన ఒకన్నకి వినిపించాను. వరంగల్ మనిషి, మాట తక్కువ. కళ్లు మూసుకుని విన్నాడు. పల్లవి అయ్యేదాకా తొడ మీద ఆయన వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. చరణంలోకి దిగే ముందు నేను ఎంతో ముచ్చటపడి పెట్టుకున్న ఫిల్లింగ్ (రెండు భాగాల మధ్య ఖాళీని నింపే చిన్న వాయింపు) దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాయి. పాట ఆపమని సైగ చేసి, “తమ్మీ, నీ డ్రమ్మర్‌కు చేతులెన్ని?” అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఇంటికొచ్చి ఫైల్ తెరిచి, ఆ ఒక్క బార్ (నాలుగు బీట్ల ఆవర్తం) పెద్దది చేసి చూస్తే తెలిసింది. హై-హ్యాట్ (జంట తాళాలు) ఆగకుండా నడుస్తోంది, దాని మీదే టామ్స్ (చిన్నా పెద్దా డ్రమ్ములు) రోల్ పరిగెడుతోంది, చివరి దెబ్బ దగ్గర స్నేర్ (కింద తీగలున్న డ్రమ్), ఫ్లోర్ టామ్, క్రాష్ (పెద్ద తాళం) మూడూ ఒకేసారి పడుతున్నాయి. అది వాయించాలంటే మూడు చేతులు కావాలి, ఒకచోట నాలుగు. కంప్యూటర్ దీనికి అడ్డు చెప్పదు. తెర మీద ఒక్కో గడి ఒక్కో దెబ్బ, నువ్వు ఎన్ని గళ్లు నింపితే అన్నీ మోగిస్తుంది. చెవి మాత్రం ఒప్పుకోదు. ఎందుకో చెప్పలేకపోయినా వినేవాడికి “ఏదో కంప్యూటర్ బీట్‌లా ఉంది” అనిపించేస్తుంది.

అప్పటినుంచి నా పని వరస మొత్తం తలకిందులైంది. ఈ వ్యాసం దాని గురించే. డ్రమ్స్ సాఫ్ట్‌వేర్ నేర్పే వీడియోలన్నీ దాదాపు ఒకే వరస చెబుతాయి: ప్లగిన్ (డ్రమ్స్ శబ్దాలిచ్చే అదనపు సాఫ్ట్‌వేర్) తెరువు, మంచి కిట్ (డ్రమ్స్ సెట్) ఎంచుకో, రెడీమేడ్ గ్రూవ్ (ముందే కట్టిపెట్టిన బీట్) లాక్కొచ్చి ట్రాక్‌లో పడేయ్, పాట పొడుగునా కాపీ చెయ్, మనిషి వాయించినట్టు చేస్తానే హ్యూమనైజ్ బటన్ నొక్కు, మిక్స్ చెయ్. నేను ఈ వరసని వెనకనుంచి చేయాలంటాను. కిట్ ఎంపిక దాదాపు ఆఖర్న రావాలి. అన్నిటికంటే ముందు సాఫ్ట్‌వేర్ మూసేసి ఉండాలి.

ముందు నోరు. మనకి ఇది కొత్త సంగతి కూడా కాదు. మృదంగం నేర్చుకునే పిల్లవాడు వాద్యం మీద చెయ్యి వేస్తూనే జతులు నోటితో చెబుతాడు, తకిట అంటే మూడు, తకధిమి అంటే నాలుగు, తకతకిట అంటే ఐదు. సంగీతం రానివాళ్లం కూడా స్నేహితుడికి ఒక పాట బీట్ గుర్తు చేయాలంటే బల్ల మీద కొడుతూ నోటితో “డుం చక డుడుం చక” అనే అంటాం కదా. నేను పాట డెమో పెట్టుకుని, ఫోన్ రికార్డర్ ఆన్ చేసి, పాట మొత్తానికీ డ్రమ్స్ నోటితో వాయించేస్తాను. సిగ్గుగానే ఉంటుంది, మా ఇంట్లో నవ్వుతారు కూడా. కానీ ఆ మూడున్నర నిమిషాల్లో తేలిపోయే విషయాలు ఎన్నో. ఫిల్లింగ్ ఎక్కడ కావాలో నోరు దానంతట అదే చెబుతుంది, ఎక్కడ వద్దో కూడా. నోటితో పలకలేని ఫిల్లింగ్ పాటకి అక్కర్లేనిదై ఉంటుందని నా అనుభవం, ఎందుకంటే నోటికి ఊపిరి తీసుకోవాల్సిన అవసరం ఉంది, మౌస్‌కి లేదు. కాలప్రమాణం కూడా ఇక్కడే తేలాలి. చాలా సాఫ్ట్‌వేర్లు కొత్త ఫైల్ తెరవగానే 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్లు) పెట్టి కూర్చుంటాయి, మనం దాన్నే పట్టుకుని పాట కట్టేస్తాం, తర్వాత గాయని వచ్చి “కొంచెం స్పీడుగా ఉంది అన్నా, మాట తిరగట్లేదు” అంటుంది. పాడే మనిషి నడక ఎంతో అంతే టెంపో. అది 97 కావచ్చు, 103 కావచ్చు.

తర్వాత వేళ్లు. మౌస్‌తో గళ్లు నింపడానికీ వేళ్లతో వాయించడానికీ తేడా చెబితే అర్థం కాదు, ఒక్కసారి చేసి చూడాలి. పెద్ద ఎలక్ట్రానిక్ కిట్ అక్కర్లేదు, 25 కీల చిన్న కీబోర్డు చాలు. కంప్యూటర్‌కి ఏ దెబ్బ పడిందో నంబర్లతో చెప్పే భాష మిడి. 1991లో వచ్చిన జనరల్ మిడి పద్ధతిలో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) 36, స్నేర్ 38, మూసిన హై-హ్యాట్ 42, తెరిచిన హై-హ్యాట్ 46, క్రాష్ 49, రైడ్ (మరో పెద్ద తాళం) 51. ఈ ఆరు అంకెలు చేతికి అలవాటైతే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా మొదలుపెట్టగలం. కొన్ని కంపెనీలు హై-హ్యాట్‌కి వేరే నంబర్లు బోలెడు పెట్టుకుంటాయి, అది తర్వాత మ్యాపింగ్‌లో సరిచేసుకోవచ్చు.

వాయించేటప్పుడు నేను పట్టే నియమం ఒకటే. స్నేర్, హై-హ్యాట్ కలిపి ఒకే టేక్‌లో వాయిస్తాను, కిక్ తర్వాత. చాలామంది కిక్ ఒక టేక్, స్నేర్ ఒక టేక్, హ్యాట్ ఒక టేక్ అని విడివిడిగా చేస్తారు. అలా చేస్తే రెండు చేతుల మధ్య ఉండే సంబంధం తెగిపోతుంది. స్నేర్ గట్టిగా కొట్టిన క్షణంలో రెండో చెయ్యి హ్యాట్ మీద కాస్త మెత్తబడుతుంది, అది ఎవరూ కావాలని చేసేది కాదు, ఒంటికి తెలిసి జరిగేది. రెండూ కలిపి వాయిస్తే అది ఉచితంగా వచ్చి కూర్చుంటుంది. ఇంకో మాట, బఫర్ (కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కోసారి ఎంత పోగేసి పంపాలో చెప్పే సెట్టింగ్) 1024 దగ్గర వదిలేసి వాయించకండి. సెకనుకి 44,100 శాంపిళ్ల రేట్‌లో 1024 అంటే దాదాపు 23 మిల్లీసెకన్ల ఆలస్యం, వేలు కొట్టాక ఎప్పటికో మోత వచ్చినట్టుంటుంది, దాన్ని సర్దుకోబోయి మనం ముందుకు తోసుకుపోతాం. 128కి దించితే మూడు మిల్లీసెకన్లకి లోపే. లాప్‌టాప్ తట్టుకోకపోతే మిగతా ట్రాకులన్నీ ఒక్క ఆడియో ఫైల్‌గా మార్చేసి డ్రమ్స్ వాయించుకోండి, అదొక పది నిమిషాల పని.

ఇక క్వాంటైజ్, అంటే అటూ ఇటూ పడిన దెబ్బని తెర మీది కాలం గీతకి సర్దడం. దీని మీద నాకు కోపం లేదు, అలవాటుగా నొక్కేయడం మీదే కోపం. 1980లో రోజర్ లిన్ అనే అమెరికన్ ఎల్ఎం-1 అనే డ్రమ్ మెషీన్ అమ్మకానికి పెట్టాడు. నిజమైన డ్రమ్స్ రికార్డింగులని మోగించిన తొలి డ్రమ్ మెషీన్ అదే. తప్పుగా పడిన దెబ్బని దగ్గరి గీత మీదకి లాగే సౌకర్యం అందులో ఉంది, దాంతోపాటే స్వింగ్ కూడా ఉంది. అంటే, నిటారుగా నిలబెట్టే మీట ఇచ్చినవాడే వంకర తిప్పే మీట కూడా ఇచ్చాడు. మనం మొదటిదే వాడుకుని రెండోది మర్చిపోయాం.

స్వింగ్ అంటే లెక్కలో ఏమిటో ఒకసారి చూడండి. 90 బీపీఎంలో ఒక ఎయిత్ నోట్ (అర బీట్) 333 మిల్లీసెకన్లు. దాన్ని రెండు సిక్స్‌టీంత్‌లుగా సగానికి విరిస్తే, అంటే స్వింగ్ 50 శాతం ఉంటే, రెండో దెబ్బ 167 దగ్గర పడుతుంది. 66.7 శాతం చేస్తే 222 దగ్గరికి పోయి తిశ్రం (మూడు భాగాల నడక) అయిపోతుంది. ఈ రెంటికీ మధ్య 58 శాతం పెట్టి చూడండి, 193 దగ్గర పడుతుంది. చతురశ్రం (నాలుగు భాగాల నడక) కాదు, తిశ్రమూ కాదు. కేవలం 26 మిల్లీసెకన్ల జరుగుడు, కానీ అంతవరకు బిగుసుకుని నిలబడ్డ బీట్ ఒక్కసారి భుజాలు ఆడించడం మొదలుపెడుతుంది. నేను క్వాంటైజ్ బలం 50, 60 శాతం దగ్గరే ఉంచుతాను, పల్లవి మొదటి కిక్ లాంటివి మాత్రం గీత మీద కచ్చితంగా కూర్చోబెడతాను. మిగతావి గీతకి దగ్గరగా వస్తే చాలు.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. వెలాసిటీ. మిడిలో దెబ్బ బలానికి 1 నుంచి 127 దాకా అంకెలు. కొత్తవాళ్లు, మూడేళ్ల కిందటి నాతో సహా, దీన్ని వాల్యూమ్ అనుకుంటారు. మంచి డ్రమ్ లైబ్రరీలో ఇది వాల్యూమ్ ఒక్కటే కాదు. 40 దగ్గర మోగేది డ్రమ్మర్ మెల్లగా కొట్టినప్పుడు తీసిన రికార్డింగ్, 120 దగ్గర మోగేది బలంగా కొట్టినప్పుడు తీసిన వేరే రికార్డింగ్. చర్మం సాగే తీరు వేరు, స్నేర్ కింది తీగల గలగల వేరు. అందుకే అన్నీ 127లో పెట్టి, ఎక్కువైందని ఫేడర్ (వాల్యూమ్ మీట) కిందికి లాగితే పని జరగదు. పక్క వీధిలో అరిచేవాడి గొంతు మనకి మెల్లగా వినిపించినా అది అరుపే, చెవిలో చెప్పే గుసగుస అవదు కదా.

ఒక బార్ హై-హ్యాట్ దగ్గరగా చూపిస్తాను. ఎనిమిది దెబ్బలు. నా పాత ఫైల్లో అన్నీ 100. ఇప్పుడు చేసేది ఇలా ఉంటుంది: 84, 52, 76, 50, 88, 54, 74, 61. బీట్ మీద పడేవి కర్ర పక్క అంచుతో కొట్టినట్టు గట్టిగా, మధ్యలోవి కర్ర మొనతో తాకినట్టు మెత్తగా. చివరి 61 ఎందుకు కాస్త పైకి లేచిందంటే, అక్కడ డ్రమ్మర్ తర్వాతి బార్‌లోకి అడుగు వేయబోతున్నాడు. స్నేర్ రెండో బీట్‌లో 112, నాలుగో బీట్‌లో 116. వాటి మధ్య 25, 30 బలంతో రెండు ఘోస్ట్ నోట్లు, విడిగా వింటే ఉన్నట్టే తెలియవు, తీసేస్తే మాత్రం ఇంట్లోంచి ఎవరో వెళ్లిపోయినట్టుంటుంది. నాలుగో బీట్ తర్వాత సగంలో హ్యాట్ కొంచెం తెరుచుకుని, ఒకటో బీట్‌లో మూసుకుంటుంది. 42 పడగానే 46 నోరు మూసుకోవాలి, ఆ సెట్టింగ్ లేని కిట్‌లో పాట పొడుగునా తాళాలు గలగలమంటూనే ఉంటాయి.

రోల్స్ దగ్గర ఇంకో మోసం ఉంది. ఒకే రికార్డింగ్ గబగబా పదహారుసార్లు మోగితే మర తుపాకీ పేలినట్టుంటుంది. లైబ్రరీలు ప్రతి దెబ్బకీ వేరే రికార్డింగ్ తిప్పుతూ దీన్ని కొంత కప్పిపుచ్చుతాయి, దాన్ని రౌండ్ రాబిన్ అంటారు. కానీ ఎడమ చేతి దెబ్బ కుడిచేతి దెబ్బకన్నా ఓ పది అంకెలు మెత్తగా ఉండాలన్న సంగతి మనమే చూసుకోవాలి.

మరి హ్యూమనైజ్ బటన్ ఉంది కదా, ఇదంతా అదే చేసేస్తుంది కదా అంటారు. చెయ్యదు. చాలా సాఫ్ట్‌వేర్లలో ఆ బటన్ చేసేది దెబ్బలని లాటరీ తీసినట్టు ముందుకీ వెనక్కీ చల్లడం. మనిషి తప్పు అలా ఉండదు. మంచి డ్రమ్మర్ గీత తప్పితే ఒక పద్ధతిగా తప్పుతాడు, స్నేర్ ప్రతిసారీ ఒక్క పిసరు వెనక లాగుతాడు, హ్యాట్ ప్రతిసారీ ఒక్క పిసరు ముందుంటుంది, పల్లవి రాగానే మొత్తం కాస్త ముందుకు తోస్తాడు. పల్లవికి టెంపో ఒకటో రెండో బీపీఎం పెంచి చూడండి. ఎవరూ కనిపెట్టరు, అందరూ ఊగుతారు. లాటరీ తీసినది మాత్రం తాగినవాడి నడకలా ఉంటుంది.

నేను ఈ మాట ఇంత గట్టిగా అనడానికి ఒక డప్పు కారణం. కిందటేడు ఒక పాటకి జనగామ దగ్గర ఒక ఊళ్లో డప్పు లైవ్‌గా రికార్డ్ చేశాం. ఇద్దరు పెద్దమనుషులు. డప్పు వాయించే ముందు మంట వేసి చర్మం కాచుకోవాలి, వేడికి బిగిస్తేనే ఖంగుమంటుంది. మూడో టేక్‌కి వచ్చేసరికి చల్లారి గొంతు దిగింది, మళ్లీ కాచారు, మళ్లీ ఎక్కింది. నా దగ్గర క్లిక్ ట్రాక్ ఉంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకోమంటే పెద్దాయన ఒక నిమిషం పెట్టుకుని తీసి పక్కన పెట్టేశాడు. “ఈ టిక్కుటిక్కుతోని నా చెయ్యి ఆడది బిడ్డా” అన్నాడు. సరే అన్నాను, ఎలాగూ కంప్యూటర్లో సరిచేసుకుంటాను కదా అని ధీమా.

ఇంటికొచ్చి చూస్తే పాట 104 దగ్గర మొదలై 109 దగ్గర ముగిసింది. నేను ఏం చేశానంటే, రెండు రాత్రులు కూర్చుని డప్పుని ముక్కలు ముక్కలుగా కోసి గీతల మీదకి లాగాను. కుడిచేతి కర్ర, అంటే సిర్ర దెబ్బలన్నీ బీట్ మీదకి, ఎడమచేతి చిటికెన పుల్ల దెబ్బలన్నీ తిశ్రం గీతల మీదకి. చూడడానికి సైనికుల కవాతులా ఉంది. విన్నాను, చచ్చిపోయింది. ఆ పుల్ల దెబ్బ నిజానికి తిశ్రం గీతకి కాస్త ముందే పడుతోంది, ప్రతిసారీ అక్కడే, పాట మొదటినుంచి చివరిదాకా. అది ఆయన తప్పు కాదు, ఆయన నడక. బోనాలకో నిమజ్జనానికో వీధిలో వినపడగానే కాళ్లు వాటంతటవే కదలడానికి సగం కారణం అలా గీతకి అందని చోట పడే ఆ దెబ్బే.

మూడో రాత్రి అంతా అన్‌డూ చేసి, ఈసారి కంప్యూటర్‌నే డప్పు వెనక నడిపించాను. డప్పు ట్రాక్ నుంచి టెంపో మ్యాప్ తీశాను, 104 నుంచి 109 దాకా అది ఎలా ఎక్కిందో గీత కూడా అలాగే ఎక్కింది. ఆ దెబ్బలు పడే చోట్లని గ్రూవ్‌గా పట్టుకుని కిట్ హై-హ్యాట్‌కి అదే వంపు ఇచ్చాను. కిక్, స్నేర్ తగ్గించేశాను. ఇప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లలో ఈ పని చేసే వీలుంది, వాడేవాళ్లే తక్కువ. రెడీమేడ్ ఢోలక్ లూప్ వాడినా ఇదే సూత్రం. లూప్‌ని గీతకి కట్టేయకండి, మీ మిడి డ్రమ్స్‌ని లూప్‌కి కట్టండి. మనిషి వాయించినదే అక్కడ పెద్ద, మిగతావన్నీ దాని వెనకే.

ఇదంతా చదివి ఒకరు “ట్రాప్ బీట్‌కి (మెషీన్ మోతతోనే నడిచే హిప్‌హాప్ శైలి) కూడా ఇంత గొడవా?” అనొచ్చు. అక్కర్లేదు. 808 అనే డ్రమ్ మెషీన్ కూడా 1980లోనే వచ్చింది, అది నిజమైన డ్రమ్స్‌లా మోగదు, మోగక్కర్లేదు కూడా. అక్కడ బిగుతే అందం. నేనంటున్నది మనిషి వాయిస్తున్నాడని నమ్మించాలనుకున్న పాటల గురించే. అలాగే రెడీమేడ్ గ్రూవులు వాడడం నామోషీ అని కూడా నేననను, వాటిలో చాలావాటిని నిజమైన డ్రమ్మర్లే వాయించారు. ఈజీడ్రమ్మర్‌లో మనం తట్టిన బీట్‌కి దగ్గరగా ఉన్న గ్రూవులు వెతికి ఇచ్చే సదుపాయం 2014 నుంచీ ఉంది, తొందర పని ఉన్నప్పుడు నేనూ వాడతాను. ఇబ్బందల్లా, ఆ లైబ్రరీల్లో ఎక్కువ భాగం రాక్, పాప్, ఫంక్. మన సిక్స్-ఎయిట్ (ఆరు లెక్క) పాటకి, ఇంకా మిశ్రచాపు (ఏడు లెక్క) నడకకి వెతికితే దొరికేది తక్కువ, దొరికినా వేరే ఊరి యాసలో ఉంటుంది.

పాట పొడుగునా పరచడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నాలుగు బార్లు చేసి పదహారుసార్లు కాపీ చేయకండి, అంతే. మొదటి చరణంలో హ్యాట్ అయితే రెండో చరణంలో రైడ్, లేదా అదే హ్యాట్ కొంచెం తెరిచి. ఫిల్లింగ్ తర్వాత క్రాష్ కొట్టిన చెయ్యి మళ్లీ హ్యాట్ మీదకి రావడానికి సమయం పడుతుంది, ఆ దెబ్బ ఒకటి ఖాళీ వదలండి.

కిట్ ఎంపిక ఇప్పుడు. సుపీరియర్ డ్రమ్మర్ 3 అని ఒకటుంది, 2017లో వచ్చింది, జార్జ్ మాసెన్‌బర్గ్ అనే పెద్ద ఇంజనీరు బెల్జియంలోని గెలాక్సీ స్టూడియోస్‌లో రికార్డ్ చేసిన శబ్దాలు, 230 జీబీ ఉంటాయి. అద్భుతమే. నేను దాని డెమోలు వింటూ గడిపిన గంటల్లో రెండు పాటలు పూర్తయ్యేవి. నా 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌కి ఎంటీ పవర్ డ్రమ్ కిట్ 2 అనే ఉచిత ప్లగినే సరిపోయింది చాలాకాలం. బీట్ నోట్లో, వేళ్లలో, వెలాసిటీలో తేలిపోయాక ఏ కిట్ పెట్టాలన్నది పది నిమిషాల నిర్ణయం. అది తేలకముందు ఎంచుకుంటే నెల పడుతుంది.

మిక్సింగ్‌లో ఓవర్‌హెడ్ మైకులని (కిట్ పైన పెట్టేవి) ముందు పైకి తెస్తాను, కిట్ మొత్తం బొమ్మ అక్కడే ఉంటుంది, ఆ తర్వాతే కిక్, స్నేర్ దగ్గరి మైకులు కలుపుతాను. తర్వాత ఫోన్ స్పీకర్‌లో వింటాను. మన పాటలు వినేవాళ్లలో చాలామంది అక్కడే వింటారు మరి. కిక్‌లో 50, 60 హెర్ట్జ్ దగ్గరుండే బరువు ఆ చిన్న స్పీకర్‌లో ఉండనే ఉండదు, పెడల్ తగిలిన టక్కుమనే శబ్దం ఒక్కటే వినిపిస్తుంది, అది లేకపోతే కిక్ లేనట్టే. అది కూడా సరిచూసుకున్నాక డ్రమ్స్ మొత్తం ఆడియోగా మార్చేసి ప్లగిన్ తీసేస్తాను. లేకపోతే నేను ఆ 61ని 63 చేస్తూ ఇంకో వారం కూర్చుంటాను, నన్ను నేనెరుగుదును.

మొన్న ఆ మూడేళ్ల కిందటి ఫైల్ మళ్లీ తెరిచాను. ఆ ఫిల్లింగ్ నోటితో పలకబోయాను, రాలేదు. హై-హ్యాట్ మొత్తం తీసేశాను. రోల్‌లో సగం తీసేశాను. మిగిలింది చివరి రెండు బీట్ల మీద తకిట తకిట తక, మొదటి తకిట స్నేర్ మీద, రెండోది టామ్ మీద, ఆఖరి తక ఫ్లోర్ టామ్ మీద. ఆ తర్వాత చరణం ఒకటో బీట్‌లో ఒక చెయ్యి క్రాష్ మీద, కాలు కిక్ మీద. స్నేర్ లేదు. బల్ల మీద నా రెండు చేతులతో వాయించి చూసుకుని, ఫైల్ ఆ అన్నకి వాట్సాప్‌లో పంపాను. టిక్కులు నీలంగా మారాయి, జవాబింకా రాలేదు.